మనిషిని మించిన పొట్లకాయ

ఆదివారం ఆరాధన ముగించుకుని చర్చి నుంచి ఇంటికి రాగానే ప్రభుదాసు కోటు కూడా విప్పకుండా నేరుగా పెరట్లోకి నడిచాడు. పురికొస ఒకటి తెచ్చి, ఒక కొనను మడమ కింద తొక్కిపట్టి, రెండో కొనను భార్య చేతికిచ్చాడు.

"నా నెత్తికాడికి పట్టి తెంపు."

కృపావతి అలాగే పట్టి తెంపింది. ఆ పురికొసను పందిరి మీది నుంచి వేలాడుతున్న పొట్లకాయ పక్కనే జారవిడిచారు. పురికొస అయిపోయింది. కాయ మాత్రం ఇంకా కిందికి రెండు వేళ్ళ మందాన సాగి ఉంది.

"నన్ను దాటిపాయెనే!" అని ప్రభుదాసు వీధికి వినిపించేలా అరిచాడు.

పందిరి నీడలో పడుకున్న కుక్క దిగ్గున లేచి, ఏమైందో తెలియకపోయినా తనూ రెండు మొరుగులు మొరిగింది. కృపావతికి నవ్వు ఆగలేదు. నలభై ఏళ్ళు రాబోతున్న పంతులమ్మ, చర్చి చీర కొంగు నడుముకు దోపుకుని, కాయ చుట్టూ చిన్నపిల్లలా రెండుసార్లు తిరిగింది.

ఇది పందొమ్మిది వందల యాభై ఏడులో, ఆళ్ళగడ్డలో జరిగింది. ప్రభుదాసు కాంపౌండరు. కృపావతి ఎలిమెంటరీ స్కూల్లో మూడో తరగతి చెప్పేది. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఇంటి వెనక నాలుగు సెంట్ల జాగా ఉంటే అందులో ఆమె వెయ్యని మొక్క లేదు. వంగ, గోరుచిక్కుడు, బీర, గోంగూర, గట్టు వెంబడి మిరప. తెల్లవారగానే బావిలో చేద వేసేది. స్నానాల నీళ్ళూ, బియ్యం కడిగిన నీళ్ళూ పాదులకే. బడికి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ప్రతి తీగనూ పలకరించకపోతే ఆమెకు అన్నం సహించేది కాదు.

పొట్ల విత్తనాలు నంద్యాలలో ఉన్న తల్లి ఏసమ్మ గుడ్డ మూటలో కట్టిచ్చినవి. జూన్ వానలకు నాటితే ఆగస్టుకల్లా తీగ పందిరి ఎక్కింది. పిందెలు వంకర పోకుండా ఒక్కో తోకకు ఒక్కో రాయి కట్టింది. మిగతా కాయలు మూరెడు, మూరెడున్నర దగ్గర ఆగిపోయాయి. ఒక్కటి మాత్రం ఆగలేదు. నేలకు తగిలేలా ఉందని ప్రభుదాసు దాని కింద మోకాలి లోతు గుంత తవ్వాడు.

ఇక కుక్క సంగతి. గోధుమరంగు ఊరకుక్క, నాలుగు కాళ్ళకూ తెల్లటి మేజోళ్ళు తొడిగినట్టుంటుంది. రెండేళ్ళ కిందట వానకు తడిసి వాకిట్లోకి వచ్చింది, మళ్ళీ పోలేదు. రోజూ కృపావతి వెంట బడికి వెళ్ళి మూడో తరగతి గుమ్మం పక్కన కూర్చునేది. కొత్తవాళ్ళెవరొచ్చినా లేచి నిలబడేది. హెడ్మాస్టరు మద్దిలేటి ఒకరోజు దాన్ని చూసి, "గవర్నమెంటు మనకు బంట్రోతును ఇయ్యలే. ఈడు తనంతట తానే వచ్చి కూర్చున్నాడు," అన్నాడు. అప్పటినుంచి దాని పేరు బంట్రోతు.

ఆ మద్దిలేటి సారే సోమవారం ఒక కాగితం తెచ్చి కృపావతి ముందు పెట్టాడు. శనివారం నంద్యాలలో కూరగాయల ప్రదర్శన, మంచి కాయలకు బహుమతులు. చుట్టుపక్కల తాలూకాల రైతులందరూ తమ పంట తీసుకుని రావచ్చు.

"రైతులంట సార్. నేను పంతులమ్మను గదా," అంది కృపావతి.

"కాయకు తెలుసునా నువ్వు పంతులమ్మవని? పో కృపావతమ్మా, ఊరి పేరు నిలబెట్టు."

ఆ రోజు నుంచి ఇంట్లో ఇద్దరికీ కాలు నిలవలేదు. కాయను ఎప్పుడు కొయ్యాలి, ఎట్లా మొయ్యాలి, ఎండ తగిలితే వాడుతుందా, వాన తగిలితే పగులుతుందా అని ఇదే మాట. శుక్రవారం సాయంత్రం కోద్దామని తేల్చుకున్నారు. కానీ ఆలోపు గురువారం ఆపద వచ్చిపడింది.

గురువారం పొద్దున బంట్రోతు బడికి రాలేదు. కృపావతి రెండుసార్లు పిలిచింది. అది తోక ఆడించిందే గాని, మిద్దెల వైపు చూస్తూ పందిరి కింద నుంచి కదలలేదు. వంట్లో బాగాలేదేమో అనుకుని ఆమె వెళ్ళిపోయింది. పది గంటల వేళ పిల్లలు ఏడో ఎక్కం చెబుతుండగా రెండు వీధుల అవతల నుంచి మొరుగు వినిపించింది. మనుషుల్ని చూసి మొరిగే మొరుగు కాదది. గొంతు చించుకుంటోంది.

కృపావతి చేతిలో సుద్దముక్క కింద పడింది. గుమ్మంలోకి పరుగున వచ్చి, "సార్, మా ఇంటికాడ ఏందో అయితాండాది. ఇప్పుడే వస్తా!" అంది.

మద్దిలేటి జవాబు చెప్పేలోపు ఆమె వీధిలో ఉంది. ఆమె వెనక మూడో తరగతి మొత్తం వీధిలో ఉంది. పలకలు వదిలేసి, కేకలు పెడుతూ నలభై మంది పిల్లలు పరుగో పరుగు. వాళ్ళను వెనక్కి పిలుద్దామని హెడ్మాస్టరు చేతిగంట అందుకుని, దాన్ని వాయిస్తూ తనూ పరుగెత్తాడు.

పెరట్లో కోతుల మంద దిగింది. పదీ పన్నెండు ఉంటాయి. బీరతీగ సగం నేల మీద ఉంది. వంకాయలు కొరికి విసిరేసి ఉన్నాయి. పక్కింటి జయలక్ష్మమ్మ తన మిద్దె మీద నిలబడి చేటను కర్రతో బాదుతూ అరుస్తోంది. "కృపావతీ! బేగా రా! పెద్దకాయ మింద పడుతాండాది ఆ గండుకోతి!"

బంట్రోతు గుంత అంచున నిలబడి ఉంది. దాని ఎడమ చెవి చీలి నెత్తురు కారుతోంది. గండుకోతి పందిరి మీద నుంచి తలకిందులుగా వంగి, చెయ్యి చాచి కాయ మెడను పట్టుకోబోయినప్పుడల్లా కుక్క నిలువునా ఎగిరి ఆ చేతి మీదికి దూకుతోంది. కోతి చెయ్యి లాక్కుని పళ్ళు ఇకిలిస్తోంది. మళ్ళీ చాస్తోంది. కుక్క మళ్ళీ ఎగురుతోంది.

అంతలో నలభై గొంతులూ, ఒక గంటా ఒక్కసారిగా పెరట్లో పడ్డాయి. కోతులకు దిక్కు తోచలేదు. గోడ మీదికి కొన్ని, మిద్దె మీదికి కొన్ని దూకి పారిపోయాయి. గండుకోతి పోతూపోతూ పందిరి గుంజను బలంగా తన్ని ఎగిరింది. గుంజ ఫెళ్ళున విరిగింది. పందిరి ఒక పక్కకు ఒరిగిపోయింది.

"పట్టుకోండ్రా!" అని కృపావతి కేక వేసింది.

మద్దిలేటి సారు గంట చంకలో ఇరికించుకుని రెండు చేతులా పందిరిని పైకెత్తి పట్టాడు. అందినంత మేర పిల్లలు వాసాలు పట్టుకున్నారు. కృపావతి గుంతలోకి దిగి కాయను గుండెకు ఆనించుకుని కొన నుంచి మెడ దాకా తడిమింది. మెడ దగ్గర ఒక గోటి గీత. అంతే. కాయ నిలిచింది.

"దక్కింది సార్! దక్కింది!"

పిల్లలు చేసిన అల్లరికి మద్దిలేటి వాళ్ళను కోప్పడదామనుకున్నాడు గాని, పందిరి మోస్తున్న మనిషి ఏమని కోప్పడతాడు? ప్రభుదాసు వచ్చి కొత్త గుంజ పాతేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు. మిగతా ఎక్కాలు ఆ పూట పెరట్లోనే చెప్పుకున్నారు. ప్రభుదాసు కుక్క చెవి కడిగి మందు రాసి కట్టు కట్టాడు. ఆ రోజు బంట్రోతుకు పెరుగన్నం పెద్ద గిన్నెతో పెట్టారు.

శనివారం పొద్దున ఏడు గంటల బస్సు. కాయను వెదురుబొంగుకు ఆనించి, చుట్టూ అరటాకులు వేసి, తడి గోనెపట్టా చుట్టి కట్టారు. కుక్కను జయలక్ష్మమ్మ ఇంటి స్తంభానికి కట్టేసి వచ్చారు. బస్సు కాడ కండక్టరు ఓబులేసు ఆ మూటను ఎగాదిగా చూశాడు.

"ఏందన్నా అది? శవం మాదిరి ఉండాదే!"

"పొట్లకాయప్పా. నంద్యాల పోతాండాది," అన్నాడు ప్రభుదాసు గంభీరంగా.

"పైన ఎయ్యి."

"పైన ఎయ్యనప్పా. విరిగితే ఎట్ల?"

చివరికి కాయ బస్సు లోపలికే ఎక్కింది. పక్కపక్కన కూర్చున్న నలుగురి ఒళ్ళలో అడ్డంగా పడుకుంది. ఒకామె దాన్ని బిడ్డను పట్టినట్టు పట్టుకుని, "ఎన్నాళ్ళ కాయమ్మా?" అని అడిగింది. కృపావతి నాటిన రోజు నుంచి మొదలుపెట్టి కోతుల దాకా వచ్చేసరికి బస్సంతా చెవులు రిక్కించి వింటోంది.

మూడు మైళ్ళు పోయాక ఇంజను వేడెక్కింది. కాలువ పక్కన బస్సు ఆపి డ్రైవరు నీళ్ళకు దిగాడు. వెనక సీట్లో ముసలాయన ఒకడు కిటికీలోంచి చూసి, "ఏదో కుక్క మన బస్సెంట పడి వస్తాండాది," అన్నాడు.

కృపావతి తల బయట పెట్టింది. మెడలో తెగిన తాడు, చెవికి తెల్లటి కట్టు, బయటికి వేలాడే నాలుక, వెనక దుమ్ము. బంట్రోతు!

ఓబులేసు గుమ్మంలో చేతులు అడ్డం పెట్టాడు. "కుక్కను ఎక్కించుకుంటే నా పని పోతాదమ్మా."

"ఆ కాయను కాసింది ఇదేనప్పా!" అంది ఒళ్ళో కాయ పెట్టుకున్న ఆమె.

"దాని చెవి చూడు. పాపం, యాడ నుంచి ఉరికి వచ్చిందో!" అన్నాడు ముసలాయన.

బస్సు మొత్తం ఓబులేసు మీద పడింది. అతను నవ్వుతూ చేతులు దించాడు. "ఎక్కించుకోండి. ఎవురన్నా అడిగితే నేను చూడలే."

నంద్యాలలో స్కూలు మైదానంలో పెద్ద డేరా. గంపెడంత గుమ్మడికాయలు, దోసిలి పట్టనంత వంకాయలు, పాములపాడు ఉల్లిగడ్డలు. కృపావతి బల్ల మీద చోటు చూసి మూట దించింది. ఆమె మూట విప్పగానే చుట్టూ జనం మూగారు. కానీ బల్లకు అవతలి కొసన మరో పొట్లకాయ ఉంది. జూపాడు బంగ్లా నుంచి వచ్చిన ఓబయ్య అనే రైతుది. వ్యవసాయ శాఖ ఆఫీసరు టేపు పెట్టి కొలిచాడు. ఓబయ్యది ఐదడుగుల పది అంగుళాలు. కృపావతిది తొమ్మిది.

ఒక్క అంగుళం. ప్రభుదాసు ముఖం వాడిపోయింది.

ఆఫీసరు రాసుకుంటూ, మంచినీళ్ళ కోసం వెనక్కి తిరిగి, "బంట్రోతూ!" అని గట్టిగా కేకేశాడు.

కుక్క రెండో పిలుపు కోసం ఆగలేదు. జనం కాళ్ళ సందుల్లోంచి దూసుకొచ్చి ఒక్క దూకులో బల్ల మీద ఆఫీసరు ముందు నిలబడింది. బల్ల ఊగింది. కాయ దొర్లింది. ప్రభుదాసు ముందుకు పడి దాన్ని రెండు చేతుల్లో అందుకున్నాడు. డేరా అంతా గొల్లున నవ్వింది. అసలు బంట్రోతు నీళ్ళ చెంబుతో వచ్చి తెల్లమొహం వేశాడు. సంగతి విన్నాక ఆఫీసరు కూడా కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు.

తర్వాత ఆయన నవ్వు ఆపి, "పొడవు చూశాం. ఇంత ఏపుగా పెరిగినవి ఒక్కోసారి చేదు కడతాయి. తినడానికి పనికి రాకపోతే కూరగాయ ఎందుకు? రెండూ కోసి చూడాలి," అన్నాడు.

"కోస్తారా!" అన్నాడు ప్రభుదాసు కాయను ఇంకా గట్టిగా పట్టుకుని. "ఎన్ని తిప్పలు పడి తెచ్చినామో తెలుసునా సార్?"

కృపావతి ఒక్క క్షణం కాయ వంక చూసింది. మూడు నెలలుగా రోజూ నీళ్ళు పోసి పెంచిన తీగ కాయ. ఆ తర్వాత భర్త చేతి మీద చెయ్యి వేసింది. "తినేదానికే గదా పెంచింది. కోద్దాం లే. కత్తి ఇట్లియ్యండి, నేనే కోస్తా."

ముందు ఓబయ్య కాయ కోశారు. ఆఫీసరు ముక్క నోట్లో వేసుకున్నాడు, మొహం చిట్లించి పక్కకు తిరిగి ఉమ్మేశాడు. ఇంకొకరు తిన్నారు. వాళ్ళూ అంతే. ఓబయ్య తల దించుకున్నాడు.

కృపావతి కత్తి పెట్టింది. కాయ కసుక్కున తెగింది. ఆఫీసరు ముక్క నమిలాడు. ఆయన చెయ్యి చాచి ఇంకో ముక్క తీసుకున్నాడు. అది కూడా తిన్నాక, "పచ్చిదే ఇంత కమ్మగా ఉందంటే కూర ఇంకెట్లా ఉంటుందో!" అన్నాడు.

ప్రభుదాసు వేసిన కేకకు డేరా బయట కట్టేసిన ఎద్దులు కూడా తల తిప్పాయి. కృపావతి బంట్రోతు మెడ చుట్టూ చేతులు వేసి కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

మొదటి బహుమతి నీళ్ళు చల్లుకునే రేకు డబ్బా, మూతికి సన్నటి చిల్లులు. దాన్ని చంకన పెట్టుకుని ఆమె ఓబయ్య దగ్గరికి వెళ్ళింది.

"ఓ ముక్క తిను అన్నా."

ఓబయ్య తిన్నాడు. "పాల మాదిరి ఉండాదమ్మా," అని ఇంకో ముక్క అందుకుని, "మాది ఏటేటా చేదే. యాడ దొరికె నీకీ విత్తనం?" అని అడిగాడు.

"మా అమ్మ ఇచ్చింది. తీగ మింద ఒక కాయ విత్తనానికి ఇడిచిపెట్టినా. పండినాక నీకు పంపిస్తా."

మిగిలిన కాయను ఆ మధ్యాహ్నం ఏసమ్మ ఇంట్లో పెసరపప్పు వేసి వండారు. పిలిచిన వాళ్ళూ, పిలవని వాళ్ళూ కలిసి తొమ్మిది మంది తిన్నా కూర మిగిలింది. బంట్రోతు పొట్లకాయ ముక్క వాసన చూసి వదిలేసి, ఒట్టి అన్నం తింది. దాని కోసమే కదా చెవి చింపుకున్నావంటూ ఏసమ్మ దాన్ని తిట్టింది.

కృపావతి మాట తప్పలేదు. దసరా దాటాక విత్తనాలు జూపాడు బంగ్లాకు చేరాయి. మరుసటి ఏడు ఓబయ్య కార్డు రాయించాడు, కాయలు తీయగా ఉన్నాయనీ, నంద్యాలకు వచ్చినప్పుడు తమ ఊరు కూడా రమ్మనీ. ఆ ఏడు జూన్‌లోనే మద్దిలేటి సారు బడి వెనక బీడు జాగాను మూడో తరగతికి అప్పజెప్పాడు. తొలి వాన పడిన మరునాడు కృపావతి పార పట్టుకుని గీత గీసింది. పిల్లలు పుల్లలతో, చిప్పలతో నేల మీద పడ్డారు. ఆమె ఒక పాదు తవ్వి తల ఎత్తేసరికి బంట్రోతు ముందుకాళ్ళతో మట్టి వెనక్కి చిమ్ముతూ రెండో పాదు తవ్వేస్తోంది. మట్టి పడి మద్దిలేటి సారు తెల్లపంచె ఎర్రబడింది.

"టీచరమ్మా, అది మాకంటే బేగా తవ్వుతాండాది!" అని పిల్లలు గగ్గోలు పెట్టారు.

"అట్లయితే మీరూ బేగా తవ్వండి!" అంటూ కృపావతి విత్తనాల మూట విప్పింది.