పెట్టెల కాడ్నే నిలబడు

మాగిన టమేటాల వాసన ఎక్కడ సోకినా, ఈ కుప్పంలో మా వీధి చివరి తోపుడుబండి దగ్గరైనా సరే, నా చేయి తనంతట తానే పక్కకు సాగుతుంది, పట్టుకోవడానికి చెక్కపెట్టె ఉందేమోనని.

తొంభైల నాటి మదనపల్లె పెద్దబజారులో ఆ పెట్టెలు అంగళ్ల ముందు మనిషెత్తున ఉండేవి. పచ్చిచెక్క వాసన, నలిగిన పండ్ల పులుపు, పక్క సందులో ఉడికే పట్టుగూళ్ల కంపు, బొరుగులు వేయించే ఇసుక వేడి, అన్నీ కలిసి మీదికొచ్చేవి. ఆయాసం పిల్లనని నన్ను బడికి పంపలేదు. మా అవ్వే ఇంట్లో అక్షరాలు దిద్దించి, బజారుకు తీసుకుపోయి బోర్డులు చదివించేది. దర్జీ కొట్టు, మందులంగడి, గడియారాల బంకు, టాకీసు, పాత్రలంగడి, దాని పక్కన గుడ్డలంగడి: ఇంటి నుంచి పోయే వరసలో అన్నీ కంఠతా వచ్చు. తిరుగు వరస మాత్రం రాదు, వచ్చేటప్పుడు అవ్వ చంకలో నిద్రపోయేదాన్ని కదా.

ఒక ఉగాది ముందు, ఇంట్లో ఓళిగలకు శనగపప్పు నానబోసి, అవ్వ నాకు పావడాగుడ్డ తీయడానికి బయల్దేరింది. గుడ్డలంగడి నిండా జనం.

"లోపల ఊపిరాడదు నీకు. ఈ పెట్టెల కాడ్నే నిలబడు తల్లీ, యాడికీ పోవద్దు" అని లోపలికి పోయింది.

ఎవరో ఇద్దరు వచ్చి ఆ పెట్టెలను ఎద్దులబండికి ఎత్తారు. బండి కదిలింది. పెట్టెల దగ్గరే ఉండమంది అవ్వ. పెట్టెలు నడిస్తే నేనూ నడవాలి కదా! బండి పట్టుకుని ఏవేవో మలుపులు తిరిగాను. అక్కడ పెట్టెలు లారీ ఎక్కాయి, లారీ పోయింది. ఇక దేని పక్కన నిలబడాలో తెలియక ఏడుపు అందుకున్నాను.

తడిగోనె మీద కనకాంబరాలు కడుతున్న ఒకామె పిలిచింది.

"యాలమ్మా ఏడుస్తాండావు?"

"పెట్టెలు పోయినాయి."

"నీవా అవి?"

"కాదు. అవ్వ వాటి కాడ్నే ఉండమనింది."

"బాగుండాది! మీ అవ్వ యాడుండాది?"

"గుడ్డలంగట్లో."

"ఈ బజార్లో గుడ్డలంగళ్లకేం కరువా తల్లీ! ఏ అంగడి?"

నేను దర్జీ కొట్టు నుంచి వరస ఎత్తుకున్నాను. ఆమె నోరు తెరిచి విని, పకపకా నవ్వింది. "సరే పద, మొదట్నించే పోదాం."

పొద్దుగూకే వేళ, పూలు అమ్ముడయ్యే వేళ. ఆమె మాత్రం పూల మీద తడిగుడ్డ కప్పి, నన్ను దర్జీ కొట్టు దాకా తీసుకుపోయి, అక్కడి నుంచి నేను ఒక్కో బోర్డూ చదువుతుంటే వెంట నడిచింది. పాత్రలంగడి ముందు అవ్వ గుండెలు బాదుకుంటూ కనిపించింది.

"ఊరికే తిట్టొద్దు పెద్దమ్మా, నీ మనవరాలు పెట్టెల్ని లారీ ఎక్కిందాకా కావలి కాసింది!" అంటూ ఆమె నా జడలో రెండు పూలు తురిమి వెళ్లిపోయింది. పేరు అడగాలని మాకు తోచనే లేదు. ఆనాటి నుంచి ఉగాది దీపం దగ్గర మా ఇంట్లో ఒక పువ్వు 'పూలామెకు' అని పెడతాం.

మొన్న పెళ్లికని పుంగనూరు మీదుగా మదనపల్లె పోయాను. ఆమె కూర్చున్న చోట ఒక్కసారి చేతులు జోడించాలని మూర కనకాంబరాలు కొన్నాను. రోడ్డు వెడల్పు చేసి అంగళ్ల ముఖాలు కోసేశారు. ముందు గుడ్డలంగడి చేరితే ఆనాటి బండి పోయిన దారి దొరుకుతుందని వరస చెప్పుకుంటూ బయల్దేరితే మందులంగడి చోట సెల్‌ఫోన్లు, ఆపైన అన్నీ అద్దాలే.

టీకొట్టు ముసలాయన "టాకీసు ఈడే ఉండె" అన్నాడు. పక్కనే గాజులామె "ఆ పక్కప్పా! నీకు కళ్లు అప్పుడూ లేవా?" అంది. వాళ్ల వాదన వింటూ వింటూ, అసలు ఇదే బజారా అన్న అనుమానం నాకే వచ్చింది.

ఎటు తిరగాలో తెలియక, ఆగి ఉన్న సరుకుల ఆటో పక్కన నిలబడి, పూలపొట్లం దాని మీది ప్లాస్టిక్ పెట్టెలపై పెట్టి చెమట తుడుచుకున్నాను. టమేటాల వాసన. ఆటో కదిలింది. నా కాలు కూడా ఒక అడుగు దాని వెంట పడింది. "పక్కకు జరుగమ్మా!" అని ఎవరో అరిచారు.

పొట్లం పెట్టెల మీదే మలుపు తిరిగిపోయింది. నేను కేక వేయలేదు. ఆనాడు నన్ను ఆమె దగ్గరికి చేర్చింది పెట్టెలే కదా. నడిబజారులోనే చేతులు జోడించాను.