మా నాయన కట్టనన్న ఐదు వందలు

మా నాయన మేస్త్రీ. కొలవకుండా ఏ బిల్లూ ఒప్పుకునేవాడు కాదు. ఇసుక లారీ వస్తే టేపు పట్టుకుని లారీ ఎక్కేవాడు. ఇటుకలు దింపితే వరసలు లెక్కపెట్టేవాడు. కూరగాయల బండి దగ్గర కూడా తక్కెడ ముల్లు కదలకుండా నిలిచేదాకా వంకాయ మీద చెయ్యి వేసేవాడు కాదు. అలాంటి మనిషి చేతికి తొంభైల చివర్లో నా బీఎస్సీ మొదటి సంవత్సరం ఫీజు కాగితం వచ్చింది. అందులో టేపు పెట్టి కొలవడానికి ఏమీ లేదు. గొడవంతా అక్కడే మొదలైంది.

మేము అనంతపురం వైపు నుంచి వచ్చి బెంగళూరు కె.ఆర్.పురంలో స్థిరపడ్డవాళ్ళం. రైలు వెళ్తే గిన్నెలు మోగే రేకుల ఇల్లు మాది. మా ఇంట్లో పీయూసీ, అంటే ఇంటర్, దాటిన మొదటి మనిషిని నేను. ఆ సంగతి నాకు బాగా తలకెక్కింది కూడా. వీధిలో ఎవరికి ఇంగ్లీషు ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. అర్థం కాకపోయినా అర్థమైనట్టు తలాడించడంలో ఆరితేరిపోయాను. ఫీజు కాగితంలో పద్నాలుగు వరసలున్నాయి. పద్నాలుగూ తెలిసినదానిలాగే ఆదివారం పొద్దున నాయన ముందు కూర్చున్నాను.

"ఇదేంది?" అన్నాడు మొదటి వరస మీద వేలు పెట్టి.

"ట్యూషన్ ఫీజు."

"పాఠం చెప్పే కూలి. సరే. ఇది?"

"ల్యాబ్ ఫీజు."

"సామాను ఖర్చు. సరే."

లైబ్రరీ ఫీజు దగ్గర ఎన్ని పుస్తకాలున్నాయో చూసి రమ్మన్నాడు. మ్యాగజైన్ ఫీజు దగ్గర ఆగిపోయాడు. ఏడాదికి ఒకే పుస్తకం ఇస్తారని చెబితే, "దాని అట్టయినా మందంగా ఉంటాదా?" అని అడిగాడు. మెడికల్ ఫీజు చూసి, ఇకమీద జలుబు చేస్తే కాలేజీకే పొమ్మన్నాడు. ఆటల ఫీజు దగ్గర నా వైపు తిరిగాడు.

"నువ్వు ఏం ఆట ఆడతావు?"

"ఏమీ ఆడను."

"ఆడల్ల. దుడ్డు కట్టినాక ఊరికే కూర్చుంటే ఎట్ల?"

ఆ మాట పుణ్యమా అని మూడేళ్ళూ త్రోబాల్ ఆడాను. ఎంత ఘోరంగా ఆడానో నాతో ఆడిన పాపానికి మా జట్టువాళ్ళే చెప్పాలి.

పదమూడో వరసలో 'ఇతరములు, నూట ఇరవై' అని ఉంది. దీన్ని ఎలా వివరించాలా అని నేను నీళ్ళు నములుతుంటే నాయన నవ్వాడు. "దీన్ని అడగొద్దులే పాపా. ఇరవై ఏండ్లుగా నా బిల్లుల్లో నేనూ రాస్తాండా. ఆడ ఏముంటాదో నాకు తెలుసు."

చివరి వరస కాషన్ డిపాజిట్, ఐదు వందలు. చదువు అయిపోయాక తిరిగి ఇస్తారని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఇది నాకు నిజంగానే అర్థమైంది కాబట్టి గొప్పగా చదివి వినిపించాను. నాయన నవ్వు ఆగిపోయింది.

కట్టడం పనిలో ఒక పద్ధతి ఉంది. మేస్త్రీ గోడ కట్టి బిల్లు పెడితే కాంట్రాక్టరు మొత్తం ఇవ్వడు. వందకు ఐదో పదో పట్టుకుంటాడు. ఒక వానాకాలం గడిచి, గోడ బీటలు వారకపోతే అప్పుడు ఇస్తాడు. దాన్ని రిటెన్షన్ అంటారు. ఇంగ్లీషు ముక్క రాని మా నాయన నోట ఆ మాట మాత్రం స్పష్టంగా పలికేది.

"పని చేయించుకునేది మనం," అన్నాడు. "చేసేది వాళ్ళు. పట్టుకుంటే మనం పట్టుకోవల్ల గానీ, మన దుడ్డు వాళ్ళు పట్టుకునేదేంది?"

ఆలోచిస్తే న్యాయంగానే ఉంది. నాకు భయం వేసింది కూడా అందుకే.

బుధవారం ఆఖరి రోజు. రెండు గంటలకు బ్యాంకు కిటికీ మూస్తారు. ఆలోపు చలాన్ మీద ముద్ర పడకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకు పోతుంది. ముందు కాలేజీ ఆఫీసులో చలాన్ రాయించుకోవాలి, తర్వాత పక్కనే ఉన్న బ్యాంకులో కట్టాలి. నాయన జేబులో డబ్బు మొత్తం ఉంది. నేనే రెండుసార్లు లెక్కపెట్టాను. అయినా మా వంతు రాగానే ఆయన కౌంటర్ మీద రెండు మోచేతులూ ఆనించి, ఐదు వందలు తగ్గించి రాయమన్నాడు.

కౌంటర్ లోపల ఉన్నావిడ కళ్ళజోడు గొలుసు మెళ్ళో వేలాడేసుకున్న పెద్దావిడ. తాతల నాటి నుంచీ బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళట.

"ఏమప్పా, ఏంది నీ గలాటా?" అంది.

"గలాటా ఏమీ లేదు మేడం. గోడ కట్టేవాని దుడ్డు యజమాని పట్టుకుంటాడు. ఈడ గోడ కట్టేది మీరు. మీ బిల్లులో నేనే ఐదు వందలు పట్టుకోవల్ల. మూడేండ్లకు పాప పాసయితే ఇచ్చేస్తా."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ ఆయన్ని చూసింది. "నేను ఈ సీట్లో కూర్చుని ఇన్నేండ్లయింది. కాలేజీ నుంచే డిపాజిట్ అడిగినవాణ్ణి నిన్నే చూస్తాండా. అది పాఠాలకు కాదప్పా. ల్యాబులో గాజు సామాను ఉండాది. మీ పాప పగలగొడితే దాంట్లో కోస్తాం."

"నా బిడ్డ పగలగొట్టదు," అన్నాడు నాయన. వెనక ఉన్న నలభై మందికీ వినబడింది.

నేల చీలితే దూరిపోదామనుకున్నాను గానీ అది గట్టి గ్రానైట్ నేల. గోడ గడియారం ఒకటిన్నర దాటింది. వెనక ఎవరో కన్నడలో 'బేగ బేగ' అని తొందరపెడుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "కట్టు నాయనా! ఐదు వందల కోసం నా సీటు పోగొడతావా? పరువు తీస్తాండావు!" అని అందరి ముందూ అరిచాను.

ఆయన తిరిగి అరవలేదు. "నీకు తెలీదులే పాపా. పట్టుకున్న దుడ్డు ఎవురూ తిరిగి ఇయ్యరు," అన్నాడు మెల్లగా.

నాకు తెలుసు. మరిచిపోయానంతే. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు నాయన బెంగళూరు అవతల జిగణిలో ఒక ఫ్యాక్టరీ షెడ్డుకు గోడలు కట్టాడు. పునాది వేసింది వేరేవాళ్ళు. వానలకు పునాది కుంగి గోడ బీటలు వారింది. కాంట్రాక్టరు ఆ నెపంతో మా రిటెన్షన్ మొత్తం ఆపేశాడు. నాయన నెలనెలా పని మానుకుని రెండు బస్సులు మారి వెళ్ళేవాడు. ఒకసారి నన్నూ తీసుకెళ్ళాడు. సాయంత్రం దాకా ఇసుక కుప్ప మీద కూర్చున్నాం. కాంట్రాక్టరు లేడని లోపలినుంచి కబురొచ్చింది. ఆయన స్కూటరు మాత్రం గేటు దగ్గరే ఉంది. తిరుగు బస్సులో నాయన నాకు పల్లీలు కొనిచ్చి, తాను తినలేదు.

కౌంటర్ దగ్గర నాకు ఏడుపొచ్చింది. సీటు కోసమో, ఆ పల్లీల కోసమో చెప్పలేను.

పెద్దావిడ నన్నూ నాయననూ మార్చి మార్చి చూసింది. పూర్తి మొత్తానికి చలాన్ రాసి, మా ప్రతి వెనక కన్నడలో ఇంకో వాక్యం రాసి, సంతకం చేసి ముద్ర కొట్టింది. నన్ను చదవమంది. 'చదువు ముగిశాక ఈ కాగితం తెస్తే ఐదు వందలు తిరిగి ఇవ్వబడును' అని ఉంది.

"నేనుండంగానే రాప్పా. నా చేత్తోనే ఇస్తా," అంది.

ఇద్దరం బ్యాంకుకు పరిగెత్తాం. ముద్ర పడేసరికి రెండుకు ఐదు నిమిషాలుంది. నాయన ఆ సాయంత్రమే మా ప్రతిని ల్యామినేషన్ చేయించి, రేషన్ కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

రెండో సంవత్సరంలో నేను బ్యూరెట్ పగలగొట్టాను. బ్యూరెట్ అంటే మూరెడు మించిన సన్నటి గాజు గొట్టం, కింద చిన్న కొళాయి ఉంటుంది. స్టాండుకు బిగిస్తుంటే టప్పుమని రెండు ముక్కలైంది. ల్యాబు అటెండరు రిజిస్టరులో నా పేరు రాసి సంతకం పెట్టించుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. డబ్బుకు కాదు భయం. నలభై మంది ముందు నాయన అన్న మాటకు.

చదువు అయిపోయింది. పాసయ్యాను. డిపాజిట్ నేనే తెస్తానని ఎంత మొత్తుకున్నా నాయన వినలేదు. "వాళ్ళు లేదంటే నువ్వు ఊరికే వచ్చేస్తావు," అని పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. జిగణికి కూడా ఆ రోజుల్లో ఇస్త్రీ చొక్కాతోనే వెళ్ళేవాడు.

పెద్దావిడ అదే సీట్లో ఉంది. వెంటనే గుర్తుపట్టింది. కాగితం వెనక 'చెల్లించబడింది' అని రాయబోతే పెన్ను జారింది. ముద్ర వేస్తే సిరా అలుక్కుపోయింది.

"ఎవురప్పా దీనికి ప్లాస్టిక్ తొడిగించింది?"

"తడవకూడదని మేడం."

ఆవిడ నవ్వుతూ ఒక చీటీ అంటించి దాని మీద రాసి, డబ్బు ఇచ్చింది. నాయన లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. నాలుగు వందల పదిహేను.

"ఐదు వందలు గదా మేడం?" అన్నాడు. ఇసుక కుప్ప మీద చూసిన ముఖమే అది.

ఆవిడ ల్యాబు రిజిస్టరు తెప్పించి ఆయన వైపు తిప్పింది. బ్యూరెట్ ఒకటి, ఎనభై ఐదు రూపాయలు, పక్కన నా సంతకం.

నాయన నా వైపు తిరిగాడు. "నువ్వేనా?"

"నేనే నాయనా. రెండో ఏడు. నీకు చెప్పలేదు."

"నిజంగా నువ్వే పగలగొట్టినావా? వాళ్ళు ఊరికే రాసుకోలేదు గదా?"

"నిజంగా నేనే."

ఆయన భుజాలు కిందికి దిగాయి. డబ్బు చొక్కా జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు. "అట్లయితే సరే. పగలగొట్టినదానికే కోసినారు," అన్నాడు. ఆవిడకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

బయట మెట్లు దిగుతూ ఆ గొట్టం ఎంత పొడుగుంటుందని అడిగాడు. చేతులతో చూపించాను. అంత సన్నదానికి ఎనభై ఐదు ఎక్కువేనని, మార్కెట్లో విచారిస్తానని అన్నాడు. కిందిమెట్టు మీద ఆగాడు.

"జిగణిలో ఆ గోడ నా వల్ల బీటలు వారలేదు పాపా."

"నాకు తెలుసు నాయనా," అన్నాను. ఐదో తరగతిలో, ఆ బస్సులోనే అనాల్సిన మాట అది.