రెండో ఫిడేలు మైకు

డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో మేం కాపురం పెట్టిన మొదటి చలికాలంలో నా వయొలిన్ బిరడాలు జారిపోయి తీగలన్నీ వదులయ్యాయి. హీటర్ గాలికి కొయ్య ఎండిపోయిందట. బెజవాడ సంగీత కళాశాలలో డిప్లొమా చేసి, పెళ్లయ్యేదాకా పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. అమెరికా వచ్చాక డిపెండెంట్ వీసా. ఒక్క డాలరు కూడా సంపాదించకూడదు. మా ఆయన మంచివాడే గానీ, "హాయిగా రెస్ట్ తీసుకోవచ్చుగా" అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

వయొలిన్లు బాగుచేసే కొట్టు ఒకటి దొరికింది. కొట్టాయన పెద్దవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మాట కటువు. వారమంతా రిపేర్లు చేసి, ఆదివారం మధ్యాహ్నాలు ఒక డ్యాన్సు హాల్లో తన బ్యాండ్‌తో వాయించేవాడు. వాళ్ల నాన్న పెట్టిన బ్యాండ్ అది, నేను పుట్టకముందు నుంచీ ఉంది. వెస్టర్న్ స్వింగ్ అంటారు ఆ సంగీతాన్ని. పల్లెటూరి ఫిడేలు పాటల్లో జాజ్ కలిపి, జనం చేత అడుగులు వేయించడానికి పుట్టింది.

వయొలిన్ బాగయ్యాక వాయించి చూడమన్నాడు. నేను అలవాటుగా నేలమీద మఠం వేసుకుని కూర్చున్నాను. ఆయన నవ్వలేదు. ఒక పాత రగ్గు తెచ్చి పరిచి, తన ఫిడేలు తీసి ఓ పాట మొదలుపెట్టాడు. నాకొచ్చిన విద్య పక్కవాద్యం. గాయకుడు ఒక సంగతి పాడితే, దాన్ని అందుకుని నీడలా వెంట వెళ్లాలి. అదే చేశాను. ఆయన వాయించిన ప్రతి ముక్కనీ ఆయన వెనకే దించేశాను. ఎంత బాగా పట్టుకున్నానో అని మురిసిపోతుంటే ఆయన కమాను దించేశాడు.

"నా వెనకాల ఎందుకు పరిగెడుతున్నావు? పక్కన నడువు."

పక్కన నడవడమంటే ఏమిటో తెలియడానికి చాలాకాలం పట్టింది. వాళ్ల పద్ధతిలో ఫిడేళ్లు జంటగా మోగుతాయి. ఒకరు అసలు పాట వాయిస్తుంటే, సరిగ్గా అదే క్షణంలో రెండోవారు దానికి కాస్త పైనో కిందో ఇంకో దారిలో వెళ్తారు. ఒకరి కోసం ఒకరు ఆగకూడదు. ఆ రెండో ఫిడేలు ఆయన తమ్ముడు వాయించేవాడట. అతను పోయాక వచ్చినవాళ్లెవరూ ఈయన నోటికి తట్టుకోలేక నిలవలేదు. నాకు మా గురువుగారి తిట్లు అలవాటే కాబట్టి నిలిచాను. మా ఆయన ఆఫీసుకు వెళ్లగానే కొట్టుకు పోయేదాన్ని. అలవాటు చొప్పున వెనకబడితే ఆయన కాలితో నేలను తన్నేవాడు. ఒకరోజు పాట మొదటినుంచి చివరిదాకా నేల చప్పుడు వినిపించలేదు. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు కారులో ఒక్కదాన్నే గట్టిగా నవ్వుకున్నాను.

"వచ్చే ఆదివారం హాలుకు వాయిద్యం తెచ్చుకో," అన్నాడు ఆయన కొన్నాళ్లకు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన ముఖం మాడిపోయింది. "గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది కదా, ఇప్పుడు రిస్క్ ఎందుకు చెప్పు? పే తీసుకుంటే స్టేటస్ వయలేట్ చేసినట్టే."

"అయితే తీసుకోనండీ. ఊరికే వాయిస్తాను."

ఆ మాటే పెద్దాయనతో చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మా నాన్న పెట్టిన రూలు. స్టేజీ ఎక్కిన ప్రతివాడికీ సమాన వాటా. వాటా తీసుకోనివాడు స్టేజీ ఎక్కడు. ఊరికే వాయించేవాళ్లు ఎగబడితే, వాయించి బతికేవాడు ఏమైపోవాలి?"

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. ఎవరిమీద కోప్పడను? ఇద్దరూ న్యాయమే మాట్లాడుతున్నారు. రెండురోజులు గిన్నెలమీద కోపం చూపించి, ఆదివారం వాయిద్యం లేకుండానే హాలుకు వెళ్లాను.

ఆ తర్వాత ఏళ్ల తరబడి మా ఆయనా నేనూ అలాగే వెళ్లాం. బూట్లు సాఫీగా జారాలని చెక్క నేలమీద తెల్లటి పొడి చల్లేవాళ్లు. ముసలి జంటలు ఇస్త్రీ జీన్సుల్లో, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా హాలంతా చుట్టేవాళ్లు. మా ఆయన అక్కడ అమ్మే పీకాన్ పై అనే తీపి వంటకం తిని తిని రెండు సైజులు పెరిగాడు. నేను స్టేజీ దగ్గర కుర్చీలో కూర్చునేదాన్ని. పెద్దాయన పక్కన రెండో ఫిడేలు మైకు ప్రతివారం నిలబెట్టే ఉండేది. జంట ఫిడేళ్ల పాట వచ్చినప్పుడు ఆయన తన భాగం ఒక్కటే వాయించేవాడు. రెండోది నా ఎడమచేతి వేళ్లు నా కుడి మణికట్టుమీద వాయించుకునేవి. అంత దగ్గర కూర్చుని కూడా అక్కడికి ఎక్కలేకపోవడం ఎంత బాధో చెప్పలేను.

బ్యాండ్ పలచబడుతూ వచ్చింది. ట్రంపెట్ వాయించే ఆయన తన కొడుకు దగ్గరికి వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు. స్టీల్ గిటార్ ఆయన చనిపోయాడు. నేలమీద చుట్టే జంటలూ తగ్గాయి. ప్రతి సంవత్సరం నేను గ్రీన్‌కార్డ్ లాయరు కబురు కోసం చూస్తూ, ఇంకొక్క ఏడాది నిలవండయ్యా అని మనసులో వాళ్లను బతిమాలుకునేదాన్ని. చివరికి ఒక చలికాలం పెద్దాయనకు పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. బ్యాండ్ ఆగిపోయింది. హాలు అమ్మేశారు.

నాలాంటి డిపెండెంట్లు కొందరు పని చేసుకోవచ్చని 2015లో రూలు మారింది. కొన్ని నెలలకు వర్క్ పర్మిట్ కార్డు పోస్టులో వచ్చింది. మా ఆయన స్వీట్లు తెచ్చాడు. నేను స్వీటు నోట్లో పెట్టుకుని ఏడ్చాను.

మర్నాడు కార్డు పట్టుకుని కొట్టుకు వెళ్లాను. రిపేర్లు మానేసినా ఆయన రోజూ వచ్చి అక్కడే కూర్చునేవాడు. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఫొటోలో కోపంగా ఉన్నావు," అన్నాడు. తర్వాత గోడమీది ఫిడేలు చూపించి, హాల్లో చివర్న వాయించే వాల్ట్జ్ పాట వాయించమన్నాడు.

"నాకు అసలు పాట రాదు. దాని పక్క భాగమే వచ్చు," అన్నాను. నిజమే, ఇన్నేళ్లూ అసలు పాట ఆయనదే.

"అదే వాయించు."

నిలబడి వాయించాను. పాట లేకుండా పక్క భాగం ఒక్కటే ఎలా ఉంటుందో అప్పుడే విన్నాను. మధ్యమధ్య ఎక్కడెక్కడో ఆగుతుంది, ఎవరికో జవాబు చెప్తున్నట్టు పైకి లేస్తుంది. తెలియనివాళ్లు వింటే తప్పులనుకుంటారు. ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఇంకా గట్టిగా. వెనకవాళ్లకు వినపడదు," అన్నాడు ఒకసారి. నేను గట్టిగా లాగాను. ఆగలేదు, వెనకబడలేదు.

అయ్యాక ఆయన ఒక్క కుడిచేత్తోనే అవస్థపడి జేబులోంచి కొన్ని నోట్లు తీశాడు. బల్లమీద పెట్టి, రెండు భాగాలు చేసి, ఒకటి నావైపు జరిపాడు.

"ఇవాళ బ్యాండ్ అంతా మనిద్దరమే. సగం నీది."

తీసుకుని కళ్లకద్దుకున్నాను. ఎందుకలా చేశానని ఆయన అడగలేదు.