తిన్నదాడ పిల్లకు పెట్టిన చప్పటి పప్పు

కారం తినడం కూడా ఒక అర్హతేనని, ఆ అర్హత మా షామీర్‌పేట చుట్టుపక్కల వాళ్లకు తప్ప లోకంలో ఇంకెవరికీ లేదని ఆ రోజుల్లో నేను గట్టిగా నమ్మేదాన్ని. చదువు అయిపోయి తుర్కపల్లిలో ఒక ల్యాబులో కొత్తగా ఉద్యోగంలో చేరాను. మెడలో కార్డు, కంపెనీ క్యాబు, టిఫిన్ డబ్బాలో అమ్మ చేసిన ఎర్రటి కూర. మధ్యాహ్నం మూత తీయగానే పక్కవాళ్లు దగ్గితే నాకేదో బహుమతి వచ్చినట్టుండేది. "మీతోటి కాదులే, దీనికి అలవాటుండాలె" అనేదాన్ని. (గుంటూరు నుంచి వచ్చిన ఒకాయన ఈ మాట విని చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఆయనకు అసూయ అనుకున్నాను.)

అలాంటి నా పక్క కుర్చీలోకి శిక్షణ కోసం ట్రినిడాడ్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వెస్టిండీస్ పిల్ల అంటే ఎలా ఉంటుందో అనుకున్నాను గానీ, అచ్చం మా మేనత్త కూతురిలా ఉంది. ముత్తాతల కాలంలో చెరకు తోటల్లో పనికి ఓడెక్కి పోయిన వాళ్ల ఇంటి పిల్ల. ఇంగ్లిషు తప్ప ఇంకో భాష రాదు. బస్సులో ఎవరైనా తెలుగులో పలకరిస్తే నవ్వి ఊరుకునేది. "ముఖం కళగల్లగున్నది, పాపం మూగది" అని ఒక ముసలమ్మ నా ముందే జాలిపడింది. ఇక మా అమ్మకు ట్రినిడాడ్ అనే మాట ఎంత చెప్పినా నోరు తిరగలేదు. తిరిగినంత మేరకు అది 'తిన్నదాడ' అయింది. "తిన్నదాడ పిల్లను ఐతారం తోల్కరా బిడ్డ. హాస్టల్ల ఏం తింటాందో ఏందో" అంది.

ఆదివారం తీసుకొచ్చాను. అమ్మ నాటుకోడి కూర వండింది. ఆ పిల్ల మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండో ముద్దకు బొటబొటా కారాయి. ఇల్లంతా గగ్గోలు. "అయ్యో, కారమైందే పోరికి! నీళ్లు తే, జల్దీ!" అని అమ్మ అరిచింది. బాపు చక్కెర డబ్బా ఎత్తుకొచ్చాడు. నేను ఇంకా ముందుచూపు గలదాన్ని గనుక ఆమె ముందున్న కంచమే లాగేశాను. ఆమె చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. తెరిచిన నోట్లో అమ్మ చక్కెర పోసింది.

ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆదివారం మాకొక వంట, ఆ పిల్లకొక వంట. ఉప్పు, పసుపు తప్ప ఏమీ సోకని పప్పు, మెత్తటి అన్నం, పెరుగు. "మా కారం మీకు పడదు. దీనికి అలవాటుండాలి" అని నేను ఇంగ్లిషులో దయగా వివరించేదాన్ని. ఆమె తలూపి, గిన్నె ఖాళీ చేసి, "చాలా బాగుంది ఆంటీ" అనేది. శిక్షణ ముగిసి వెళ్లిపోయే రోజు అమ్మను కరుచుకుని ఏడ్చింది.

తర్వాత నాకు పెళ్లయింది. మా ఆయనది గాజులరామారం. మనిషి మంచివాడే గానీ క్రికెట్ పిచ్చి. కామెంటరీల్లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ పేరు వింటూ పెరిగినవాడు. మా తిన్నదాడ పిల్లది ఆ ఊరేనని, రమ్మని ఎప్పుడూ పిలుస్తుందని తెలిసిన రోజు ఆయన నన్ను కొత్తగా చూశాడు. "హనీమూన్‌కు ఊటీకి ఎవలన్న పోతరే. మనం గా గ్రౌండు సూడాలె" అన్నాడు. బంధువులంతా పరేషాన్ అయ్యారు. అమ్మ మాత్రం మామిడికాయ ముక్కలు నూనెలో వేసి, ఒక సీసా కట్టి ఇచ్చింది. "ఇండ్ల కారం ఎయ్యలే. తిన్నదాడ పిల్లకియ్యి" అంది.

ఒక పక్క సముద్రం, ఒక పక్క పచ్చటి కొండలు, మధ్యలో ఆ ఊరు. మొదటి రోజు పొద్దున్నే ఊరు చూపించడానికి ఆమె మమ్మల్ని బయల్దేరదీసింది. ఫొటోల కోసం నేను పట్టుచీర కట్టుకున్నాను. ఊరి నడుమ పెద్ద పచ్చిక మైదానం, దాని పక్కన ఫుట్‌పాత్ మీద ఒక బండి. మెత్తటి చిన్న రొట్టెల మధ్య శనగల కూర పెట్టి ఇస్తున్నారు. డబుల్స్ అంటారట. బండాయన మమ్మల్ని ఏదో అడిగాడు. నాకు 'పెప్పర్' అన్న మాటొక్కటే అర్థమైంది. (అక్కడ మిరప కారాన్ని అలాగంటారట.) "వీళ్లకు వద్దు" అంది మా పిల్ల, నా మీద ప్రేమతోనే.

నాకు చురుక్కుమంది. షామీర్‌పేట ఆడబిడ్డకు కారం వద్దా?

"కొంచెం వెయ్యనా?" అన్నాడు బండాయన.

"కొంచెం కాదు, నిండా వెయ్యి" అన్నాను. మా ఆయన కూడా మీసం దువ్వి, "నాక్కూడ" అన్నాడు. బండాయన మా పిల్ల వంక చూశాడు. ఆమె ఆకాశం వంక చూసింది.

మొదటి కొరుకు బాగానే ఉంది. "గింతేనా?" అని నవ్వడానికి నోరు తెరిచాను. ఆ నవ్వు పూర్తికాలేదు. చెవుల్లోంచి ఆవిరి పోతున్నట్టయింది, నాలుక ఎక్కడుందో తెలియలేదు, కళ్లు, ముక్కు ఒక్కసారే కారాయి. పట్టుచీరతోనే ఫుట్‌పాత్ మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకున్నాను. బడికి పోతున్న పిల్లలు ఆగి చూశారు. కొబ్బరిబోండాల ఆయన పరుగెత్తుకొచ్చాడు. పక్కన మా ఆయన చెట్టు పట్టుకుని ఎక్కిళ్లు పెడుతూ, "గిది మిరపకాయనా, యాసిడా!" అంటున్నాడు. బండి దగ్గర జనం 'ఇండియా నుంచి వచ్చారట, పాపం' అని చెప్పుకోవడం నాకు వినబడింది.

కాస్త చూపు తిరిగి వచ్చాక కనబడిందేమిటంటే, మా తిన్నదాడ పిల్ల తన రొట్టెలో ఇంకో చెంచా అదే కారం వేయించుకుని, నిదానంగా నములుతోంది.

"నువ్వు... కారం తింటావా?" అన్నాను వాచిన పెదాలతో.

"పుట్టినప్పటి నుంచీ."

"మరి మా ఇంట్లో?"

ఆమె సిగ్గుపడింది. (పడాల్సింది నేను.) "ఆంటీ నాకోసం విడిగా వండేది కదా, ఎలా చెప్పను? మీ ఇంటి నుంచి పోతూ తుర్కపల్లి చౌరస్తాలో మిర్చి బజ్జీలు తినేదాన్ని."

"మొదటి రోజు ఏడ్చావు కదా, కళ్ల నీళ్లు కారాయి!"

"ఆ కూర మా నానీ, అంటే అమ్మమ్మ, వండినట్టే ఉంది. ఇల్లు గుర్తొచ్చింది. ఇంకొంచెం వేసుకుందామనుకున్నాను. నువ్వు కంచం తీసేశావు."

మిరపకాయ మంట కొబ్బరినీళ్లతో తగ్గింది. ఈ మంటకు బోండాల ఆయన దగ్గర ఏమీ లేదు. ఇంటికి దూరంగా వచ్చి బెంగతో ఏడ్చే పిల్ల నోట్లో చక్కెర పోసి, వారం వారం చప్పటి పప్పు పెట్టి, పైగా అలవాటుండాలని పాఠం చెప్పాను. తల ఎత్తబుద్ధి కాలేదు. క్రికెట్ మైదానం గేటు దగ్గర మా ఆయన ఫొటోకు నవ్వమంటే కూడా నవ్వలేకపోయాను.

మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లేసరికి గుమ్మంలోనే కోడికూర వాసన, అచ్చం మా అమ్మ వండినట్టే. ప్రాణం లేచొచ్చింది. వాళ్ల నానీ తల మీద కొంగు సర్దుకుని ఎదురొచ్చింది. పొద్దుటి సంగతి అప్పటికే ఆమెకు చేరిపోయింది. అందరి కంచాల్లో కూర వడ్డించి, మా ఇద్దరి ముందు మాత్రం విడిగా రెండు గిన్నెలు పెట్టింది. పసుపుపచ్చటి పప్పు. నా తల నిమిరి, "మా కారం కష్టం బేటీ. దానికి అలవాటుండాలి" అంది.

కూర అడుగుదామని నోరు తెరిచాను. నానీ ఎంతో ఆశగా నా ముఖంలోకి చూస్తోంది. ఎదురుగా మా పిల్ల తల వంచుకుని, నవ్వు ఆపుకోలేక భుజాలు కదుపుతోంది.

"చాలా బాగుంది నానీ" అన్నాను. అక్కడ ఉన్నన్నాళ్లూ అదే పెట్టింది. మా ఆయన నన్ను చూసి, పప్పును చూసి, పళ్లు కొరుక్కుంటూ తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే అమ్మకు ఫోన్ చేశాను.

"మంచిగ పెడుతున్నరా బిడ్డ, తిన్నదాడ పిల్ల ఇంట్ల?"

"మస్తు పెడుతున్నరమ్మా. నువ్వు దానికి వండిన పప్పు లెక్కనే ఉన్నది."

"గట్లనా! సూసినవా, నా సేతి వంట సూసి నేర్సుకున్నది" అని అమ్మ మురిసిపోయింది.

అమ్మకు ఇప్పటిదాకా అసలు సంగతి చెప్పలేదు. వాడకట్టులో అందరికీ తన పప్పు సముద్రాలు దాటిందని చెప్పుకుంటుంది. విన్నప్పుడల్లా నా చెవులు వేడెక్కుతాయి. కానీ ఆ వేడిలోనే, పట్టుచీర కట్టుకుని బండి ముందు నిలబడి "నిండా వెయ్యి" అన్న ఆ షామీర్‌పేట పిల్ల కనబడుతుంది. ఎంత ధీమా దానికి! పాపం, తిట్టబుద్ధి కాదు.