పగటి అరుంధతి

2023 నవంబరు చివర, ఫరీదాబాద్. నాది టెలిస్కోపులు తీసుకెళ్లి ఆకాశం చూపించే పని. ఒకప్పుడు, మా తాతల కాలంలో, మా వాకిట్లో ఏనుగు ఉండేది. ఇప్పుడు పిలిచినవాళ్ల వాకిట్లో నేను నిలబడతాను. ఒప్పుకున్న పని మాత్రం సరిగ్గా చేస్తాను.

ఫ్యాక్టరీ మేనేజరు మురళిగారి కూతురి పెళ్లి. ఆయన అత్తగారికి ఒక కన్ను పోయింది, రెండోదానికి డాక్టరు భరోసా ఇవ్వలేదు. అదీ పోయేలోగా అరుంధతిని చూడాలని ఆవిడ కోరిక.

"రాత్రి రిసెప్షన్‌లో ఎనిమిదింటికి పెట్టేయండి సార్," అన్నారు మురళిగారు.

"ఈ నెలలో ఆ వేళకి అరుంధతి అస్తమించేస్తుందండీ."

"ఏదో ఒక చుక్క చూపించేద్దురూ, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

పెళ్లిరోజు తెల్లవారుజామున చూపిద్దామంటే పొగమంచు. పగలు పదింటికి, ముహూర్తం వేళకి, గాలి వీచి ఆకాశం తేటపడింది. పురోహితుడు వేలు చూపించే ఆ వేళకి అరుంధతి నిజంగానే ఉత్తరాన ఎత్తులో ఉంటుంది, వెలుగులో మనకు కనబడదంతే. సూర్యుణ్ణి ఆధారం చేసుకుని, కొలతలు చూసుకుంటూ వెతికాను. దొరికింది! వశిష్ఠుడు సూదిమొనలా, పక్కన అరుంధతి ఉందో లేదో అన్నంత పలచగా.

భూమి తిరుగుతుంటే చుక్కలు పడమరకి జరుగుతున్నట్టు కనిపిస్తాయి. టెలిస్కోపు ఇరుకు చూపులో అయితే కొద్ది నిమిషాల్లోనే దాటిపోతాయి. అందుకే ట్రాకింగ్ మోటార్. అది గొట్టాన్ని చుక్క వెంట తిప్పుతూ ఉంటుంది.

పెద్దావిడ కోసం కబురు పంపాను. ఆవిడ జనంలోంచి మెల్లగా వచ్చారు. కళ్లద్దాలు తీసి చాలాసేపు చూశారు.

"అమ్మమ్మా, దిఖా క్యా?" పెళ్లికూతురు అరిచింది.

"కనిపించిందే. ఎంత బావుందో!"

అప్పుడు చూశాను. మోటార్ ప్లగ్గు పీకి ఎవరో ఫోటోల లైటు పెట్టుకున్నారు. మేళం హోరులో మోటార్ ఆగిన సంగతి నాకు తెలియలేదు. కన్నానించి చూస్తే ఉత్త నీలం.

"అమ్మా, ఇందులో ఏమీ లేదు," అన్నాను.

ఆవిడ గొంతు తగ్గించారు. "తెలుసు బాబూ. నా పెళ్లిలోనూ ఇలాగే కనిపించిందన్నాను. నువ్వు నొచ్చుకోకు."

మేళం ఆగేదాకా వెతికాను. మసక కమ్మేసింది, మళ్లీ దొరకలేదు.

జనవరిలో ఫోన్ చేశాను, తెల్లవారుజామున వచ్చి చూపిస్తానని. "ఇంకెందుకు సార్," అన్నారు మురళిగారు. "ఆ కన్ను కూడా పోయింది."

ఇప్పుడు చూడవలసినవాళ్లను పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకున్నాకే వెతకడం మొదలుపెడతాను. ఆ రోజు అరుంధతి దొరికింది. చూసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.