ఆఫ్ అంటే ప్లగ్గు పీకడమే

ఆ రోజుల్లో నియమం ఏదైనా సరే, రెండుసార్లు చదివితే నాకు లొంగుతుందని గట్టి నమ్మకం. పెనుకొండ సర్కారు ఆఫీసులో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ అదే నా పని. రిటైరయ్యాక హిందూపురంలో మా అల్లుడి షెడ్డులో చేరాను. (అరవై దాటాక కొత్త కుర్రాడిగా ఉద్యోగంలో చేరే యోగం అందరికీ పట్టదు.) అల్లుడు పాటలు వినడానికి వాడే ఆంప్లిఫయర్ పెట్టెలు చేసేవాడు. బెంగళూరు వ్యాపారి ఒకాయన పెద్ద ఆర్డరు ఇస్తానన్నాడు. షరతు ఒక్కటే: పెట్టె ఆఫ్‌లో ఉన్నప్పుడు అర వాట్‌కు మించి కరెంటు తినకూడదు. అది కుదరకపోతే షెడ్డు మూతపడుతుంది, చిలమత్తూరు నుంచి బస్సులో వచ్చే ఆడవాళ్లకు పని పోతుంది.

"ఈ ఇంగ్లీషు రూల్సు నీకే అర్థమయ్యేది మామా" అంటూ అల్లుడు కాగితాలు నా చేతిలో పెట్టాడు. అందులో స్టాండ్‌బై అనే మాట ఉంది. అది రిమోట్ కోసం కాచుకుని ఉండే టీవీల సంగతి, మన పెట్టెకు రిమోట్ లేదు గనక వర్తించదని తీర్పిచ్చాను. (నా తీర్పుల్లో సరైనది అదొక్కటే.) ఇక ఆఫ్. మా ఇళ్లలో ఉరుము వినిపిస్తే అవ్వ "ఆఫ్ చేసినారా?" అని అరిచేది. అంటే గోడలోంచి ప్లగ్గు పీకారా అని. బొత్తాన్ని మేమెవరమూ నమ్మేవాళ్లం కాదు. నేనూ అలాగే ప్లగ్గు పీకించి మీటరు చూశాను. సున్న. నియమం నెగ్గిందని డైరీలో రాసుకున్నాను.

వ్యాపారి తరఫున పరీక్షించడానికి ధర్మవరం నుంచి ఒక ఇంజనీరు అమ్మాయి వచ్చింది. ప్లగ్గు పెట్టి, బొత్తాం నొక్కి పెట్టెను ఆపింది. మీటరు నాలుగు వాట్లు చూపించింది.

"ప్లగ్గు పీకి చూడమ్మా, సున్న వస్తాది" అన్నాను గంభీరంగా.

"ప్లగ్గు పీకితే రోకలిబండ కూడా సున్నానే తింటాది సార్! గోడకు తగిలించినట్లే ఉండి, బొత్తాం ఆపినాక ఎంత తింటాండాదో అదీ లెక్క."

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అల్లుడి ముఖం చూసి వెంటనే ఆపేశారు.

"ఏం మామా, ఇట్ల చేస్తివి?" అన్నాడతను మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆపినాక కూడా తినేది ఎవరమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"లోపలి ట్రాన్స్‌ఫార్మరు సార్. బొత్తాం దాని తర్వాత ఉండాది. దానికి కరెంటు పోతానే ఉంటాది."

"అయితే దానికి ముందరే ఆపండప్పా! ప్లగ్గు పీకే పనేదో పెట్టెలోనే పెట్టండి."

అల్లుడు నా వైపు ఒక్క క్షణం చూసి, లావాటి స్విచ్చు ఒకటి తెచ్చి, పెట్టె వెనక వైరు దూరే చోట బిగించాడు. ప్లగ్గు గోడలోనే ఉంది. స్విచ్చు ఆపితే మీటరు సున్న చూపించింది. ఆ అమ్మాయి సంతకం పెట్టింది. షెడ్డు నిలిచింది.

మొన్న ధర్మవరంలో ఒక చీరల అంగడికి వెళ్తే మా షెడ్డు పెట్టె ఒకటి మోగుతోంది. దాన్ని ఆపడానికి యజమాని గోడకూ పెట్టెకూ మధ్య చెయ్యి దూర్చి, మోచెయ్యి గీరుకుని, "ఏ మహానుభావుడప్పా ఈ స్విచ్చును ఎనక పెట్టించినోడు?" అన్నాడు. నేను తలవంచుకుని చీర అంచు పరీక్షించాను. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాను.