బీరప్ప చెప్పిన లెక్క

మునగాల దాటి కోదాడ వైపు పోతుంటే ఒక బోడిగుట్ట, దాని మీద పదకొండు గాలిమరలు కనిపిస్తాయి. బస్సుల్లో పోయేవాళ్ళు ఫోన్లు తీసి ఫొటోలు తీసుకుంటారు. తీసుకోనీ, చూడ్డానికి బాగానే ఉంటాయి. కురుమ బీరప్ప మాత్రం ఆ దిక్కు తల తిప్పడు. అలాగని వాటి మీద కోపమనుకునేరు. ఆయన కోపమంతా తన నోటి మీదే.

బీరప్పకు అరవై రెండేళ్ళు. బుద్ధెరిగినప్పటి నుంచి గొర్రెల వెంట నడవడమే తప్ప ఇంకో పని తెలియదు. సాగర్ కాలువ నీళ్ళొచ్చాక ఆ చుట్టుపట్ల జానెడు బీడు మిగల్లేదు, అంతా వరే. కోతలయ్యాక ఫర్వాలేదు, ఎరువు కోసం రైతులే పిలిచి పొలంలో మంద పెట్టించుకుంటారు. మరి నాట్లు పడి పొలాలు పచ్చగా ఉండే ఆ నాలుగు నెలల సంగతేమిటి? గొర్రె వరిలో మూతి పెట్టిందంటే ఊరు ఊరంతా మీదికొస్తుంది. అప్పుడు ఆదుకునేది ఆ గుట్టే. గుట్ట లేకపోతే మంద లేదు, మంద లేకపోతే బీరప్ప లేడు. ఇంతే లెక్క.

లెక్క అన్నాను కదా, తిరకాసంతా అక్కడే ఉంది. మందను వేలు పెట్టి లెక్కించకూడదు, నోటితో అసలే అనకూడదు. అంటే దిష్టి తగిలి మంద తరుగుతుంది. ఎనిమిదేళ్ళప్పుడు ఒకటి, రెండు అని మొదలుపెడితే తండ్రి కట్టెతో వేళ్ళ మీద ఒక్కటిచ్చాడు. మరి ఒకటి తప్పిపోతే ఎలా తెలుస్తుంది? మొహాలు చూసి. మూడొందల పైచిలుకు మొహాలు ఆయనకు తెలుసు. సాయంత్రం దొడ్డి ముందు నిలబడి ఏది రాలేదో చటుక్కున చెప్పేస్తాడు. ఎన్ని జీవాలని ఎవరైనా అడిగితే "ఏదో నాలుగున్నయ్" అంటాడు. ఆ నాలుగంటే ఎంతో ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఒకే ఒక్కసారి నోరు జారాడు. పడుచుతనంలో మిర్యాలగూడలో పెళ్ళికి పోయి, కల్లు మత్తులో బావమరుదుల ముందు అసలు సంఖ్య చెప్పి గొప్పలు పోయాడు. నెల తిరక్కుండా నీలినాలుక రోగమొచ్చి సగం మంద పోయింది. చెప్పినా చెప్పకున్నా రోగం వచ్చేదేనని పశువుల డాక్టరు మొత్తుకున్నాడు. స్వయంగా గోతులు తవ్వి పూడ్చినవాడు నమ్ముతాడా?

మూడేళ్ళ కిందట గుట్ట మీద గాలిమరలు పెడతామని ఒక కంపెనీ వచ్చింది. ముందు ఊరి అభిప్రాయం తీసుకోవాలట. అందుకని హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చి ఇల్లిల్లూ తిరిగింది. మంచి మనిషే, ఆమెను అనడానికేం లేదు. బీరప్ప భార్య రేణుకమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, అరుగు మీద కూర్చుని అడిగింది.

"పెద్దాయనా, గుట్ట మీద మీ గొర్రెలు ఎన్ని మేస్తాయి?"

"ఏడియమ్మా, ఏదో నాలుగున్నయ్."

మేడం దొడ్డి వైపు చూసింది. దొడ్డి ఖాళీగా ఉంది. మంద కొడుకు ప్రవీణ్ వెంట గుట్ట మీదికి పోయింది.

"సరిగ్గా చెప్పండి, కాగితంలో రాయాలి."

ఆమె అంత మర్యాదగా అడిగితే బీరప్ప మెత్తబడ్డాడు. మొహమాటానికి ఇంకొన్ని కలిపాడు. "రాసుకో తల్లీ, పది పదిహేనుంటయ్."

పదిహేను అని రాసింది. బీరప్ప వేలిముద్ర వేశాడు.

ఆమె గడప దాటగానే రేణుకమ్మ అంది, "గదేందయ్యా, వాళ్ళకు మన మాట తెల్వదు గద. నిజమే అనుకుంటరు."

"అంత సదువుకున్నోళ్ళకు గింత తెల్వదా?" అన్నాడు బీరప్ప.

నెల తర్వాత పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి సభ పెట్టారు. తండా నుంచి వచ్చిన గేమ్యా లేచి, "సార్, మా ఆవులు ఎనభై ఆరు, దూడలు వేరే. మాకు తొవ్వ ఇడిశిపెట్టాలె, నీళ్ళ తొట్టి కట్టియ్యాలె" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. తర్వాత మైకులో "కురుమ బీరప్ప, గొర్రెలు పదిహేను" అని చదివారు. కొందరు కిసుక్కున నవ్వారు. గేమ్యా మోచేత్తో పొడిచాడు.

"లేసి చెప్పరాదె బీరప్పా. ఎన్క పరేషానైతవ్."

లేద్దామనే అనుకున్నాడు. కట్టె మీద బరువు కూడా మోపాడు. అది ఈత కాలం, దొడ్డి నిండా చూలు గొర్రెలు. ఇన్ని కళ్ళ ముందు, అదీ మైకులో, మూడొందలంటే ఇంకేమన్నా ఉందా? ఆనాడు తవ్విన గోతులు గుర్తొచ్చాయి. "కానియ్, గుట్ట యాడికి పోతది" అని మళ్ళీ కూర్చున్నాడు.

తండా ఆవులకు తండా వైపు ఇరవై అడుగుల తొవ్వ వదిలారు, తొట్టి కట్టారు. మిగతా గుట్ట చుట్టూ కంచె పడింది, గేటు దగ్గర కాపలా వచ్చింది. బీరప్ప మండలాఫీసుకు పరుగెత్తాడు. అక్కడి సారు కాగితం తీసి చూపించాడు.

"ఈ వేలిముద్ర నీదే కదా?"

"నాదే సార్."

"పదిహేను గొర్రెలకు పొలం గట్ల మీద గడ్డి చాలదా?"

చాలుతుంది. పదిహేనైతే చాలుతుంది. దిష్టి సంగతి ఆఫీసులో చెప్తే నవ్వుతారని సిగ్గుపడి బీరప్ప వచ్చేశాడు.

రెండు వానాకాలాలు తంటాలు పడ్డాడు. మేత లేక జీవాలు ఎముకలు తేలాయి. విడతలు విడతలుగా సూర్యాపేట అంగడికి తోలాడు. ప్రవీణ్ మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ పనికి పోయాడు. రేణుకమ్మ నేనప్పుడే చెప్పాను కదా అని ఒక్కనాడూ అనలేదు. అంటే బాగుండుననిపించేది బీరప్పకు. దిష్టికి భయపడి దాచుకున్న మంద అది. చెప్పి ఉంటే ఇంతకన్నా ఏం పోయేదని లోపల కుమిలిపోయేవాడు.

మొన్న ఆ మేడమే మళ్ళీ వచ్చింది. పక్క గుట్ట మీద ఇంకో ఎనిమిది పెడతారట. అదే అరుగు, అదే మజ్జిగ.

"బాగున్నారా పెద్దాయనా? ఇప్పుడు గొర్రెలెన్ని?"

బీరప్ప లేచి దొడ్డి దగ్గరికి పోయాడు. తండ్రి కట్టె దెబ్బ తిన్న వేలు చాపి, ఒక్కొక్కదాన్నే చూపిస్తూ పైకి లెక్కపెట్టాడు. రేణుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పదిహేను తల్లీ. ఈసారి నిజంగనే పదిహేను."

మేడం పాత కాగితం తిరగేసి చూసుకుంది. మొహం విప్పారింది.

"పోయినసారీ పదిహేనే రాశాం. అయితే మీకేం నష్టం జరగలేదన్నమాట" అని, ఆ గడిలో 'మార్పు లేదు' అని రాసి, వేలిముద్ర కోసం కాగితం ఆయన ముందుకు జరిపింది.